మీటరు బద్ద, మైనస్ ప్రశ్న

నేను ఒక మీటరు బద్దను. నల్లబల్ల మీద గీతలు గీయడానికి, గదుల పొడవు వెడల్పులు కొలవడానికి పుట్టిన టేకు చెక్కను. నా ఒంటి మీద వెయ్యి గీతలున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ అబద్ధం చెప్పదు. అయినా మొదటి మూడేళ్లలో నన్ను ఎవరూ ఏదీ కొలవమని అడగలేదు. పిల్లల్ని కొట్టమన్నారు. కొట్టాను.

నేను పుట్టింది జిల్లా కేంద్రం శివార్లలోని ఒక కర్రకోత మిల్లులో. హనుమాండ్లు అనే ముసలి వడ్రంగి నన్ను చిత్రిక పట్టి, ఒక కన్ను మూసి అంచు వెంబడి చూసి, వంకర లేదని తేల్చుకున్నాక పక్కన పెట్టాడు. తర్వాత ఎర్రగా కాల్చిన ఇనుప అచ్చును నా వీపు మీద ఒత్తారు. పొగ లేచింది. గీతలు పడ్డాయి. రెండు చివర్లకూ ఇత్తడి తొడుగులు ఎక్కించి మేకులు దిగ్గొట్టారు. అదంతా ఒక మంచి పని కోసమే కదా అని ఓర్చుకున్నాను.

ఆ ఏడాది రాష్ట్రమంతటా సర్కారు బడుల్లో లెక్కలు, సైన్సు చదువులు బాగుచేయాలని పైన నిర్ణయం జరిగింది. పిల్లలు ఎక్కాలు గడగడా అప్పజెబుతున్నారు గానీ లెక్క అర్థం చేసుకోవడం లేదని ఎవరో సర్వే చేసి తేల్చారట. అందుకని ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒక పెద్ద పెట్టె పంపారు. అందులో గాజు గొట్టాలు, అయస్కాంతాలు, కటకాలు, చెక్క వృత్తలేఖిని, త్రాసు, వాటితోపాటు నేను. పెట్టె మూత మీద పచ్చరంగు అక్షరాలతో ‘చూద్దాం, చేద్దాం, తెలుసుకుందాం’ అని రాసి ఉంది. లారీలో అన్ని గంటలూ ఆ మాటలే తలుచుకుంటూ వచ్చాను.

నన్ను దించిన ఊరు గుండ్లసాగరం. ఊరి వెనక పెద్ద రాతిగుట్ట, దాని కడుపులో క్వారీ. రోజూ మధ్యాహ్నం గుట్టను పేలుస్తారు. బడి కిటికీలు గడగడమంటాయి. బడిలో సగం మంది రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలే. హెడ్మాస్టరు యాదగిరిరావు పెట్టెను చూసి మురిసిపోలేదు, భయపడ్డాడు.

"గాజు సామాను ఉన్నదిండ్ల. పలిగితే జవాబు చెప్పాల్సింది నేను. ఎవ్వరు ముట్టద్దు" అని ఆఫీసు గదిలోని ఇనుప బీరువాలో పెట్టించి తాళం వేశాడు.

అలా ఎనిమిది నెలలు చీకట్లో ఉన్నాం. నన్ను బయటికి తీసింది పురుషోత్తం సారు. ఆయన లెక్కల మాస్టారు. యాభైకి దగ్గరపడిన మనిషి, కొంచెం పొట్ట, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు. ఆరోజు తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడి వీపు మీద ఆయన బెత్తం రెండు ముక్కలైంది. అదే ఊపులో ఆఫీసు గదికి వచ్చి, బీరువా తీయించి, పెట్టెలో చెయ్యి పెట్టి నన్ను పైకి లాగాడు. గాలిలో ఒకసారి ఊపి చూసి, "ఇది గట్టిగున్నది" అన్నాడు. మళ్లీ తాళం పడింది. రాష్ట్రమంతటా గణితం బాగుపడాలని వచ్చిన ఆ పెట్టెలోంచి గుండ్లసాగరంలో వెలుగు చూసింది నేనొక్కదాన్నే.

ఆ తర్వాత జరిగినదానికి నేను సాక్షిని మాత్రమే కాదు, పనిముట్టును. అరచేతి మీద పడితే చప్పుడెక్కువ, నొప్పి తక్కువ. వేళ్ల కణుపుల మీద పడితే చప్పుడుండదు, పిల్లలు మాత్రం నేలమీద కూలబడతారు. పిక్కల మీద పడితే ఎగిరి గంతేస్తారు, మిగతావాళ్లు నవ్వుతారు, ఆ నవ్విన వాళ్లదే తర్వాతి వంతు. కొందరు దెబ్బ జారుతుందని ఇంటి దగ్గర చేతులకు ఆముదం పూసుకొని వచ్చేవాళ్లు. ఆ జిడ్డు నా గీతల్లోకి దిగి నల్లబడింది. పదో తరగతి అమ్మాయి ఒకతెకు నా ఇత్తడి కొన తగిలి చూపుడువేలు కణుపు చిట్లింది. పబ్లిక్ పరీక్షల్లో ఆమె కలం పట్టుకోలేకపోయింది, లెక్కల్లో తప్పింది. "నేను ముందే చెప్పిన, దానికి లెక్కలు రావని" అన్నాడు పురుషోత్తం సారు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నిజంగానే అలా నమ్మాడు.

ఆయన చెడ్డవాడని చెప్పడం తేలిక. కానీ నేను ఆయన చేతిలో మూడేళ్లు ఉన్నాను, నాకు అంత తేలిక కాదు. ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి బండి మీద వచ్చేవాడు, ఒక్కరోజూ ఆలస్యం లేదు. సెలవు పెట్టేవాడు కాదు. సాయంత్రాలు ఆగి ప్రత్యేక తరగతులు తీసుకునేవాడు. ఎడమ మోచేతి కింద ఒక తెల్లటి మచ్చ ఉండేది. దాన్ని పిల్లలకు చూపించి, "మా సారు నన్ను దూలానికి ఏలాడగట్టి కొట్టిండు. ఆ దెబ్బలు తిన్నందుకే ఇయ్యాల మీ ముందర నిలబడ్డ" అనేవాడు, ఏదో పతకాన్ని చూపినట్టు. తల్లిదండ్రులకూ ఆయనంటే గౌరవం. బడికి వచ్చి, "కొట్టుండ్రి సార్, కొడితెనే వస్తది" అని చెప్పి పోయేవాళ్లు. క్వారీలో బండలు కొట్టే పల్లపు రాజలింగం కూడా ఒకసారి కూతురిని వెంటబెట్టుకొని వచ్చి ఆ మాటే అన్నాడు. ఆ కూతురి పేరు నాగవేణి.

అయితే మెల్లమెల్లగా నాకొక సంగతి అర్థమైంది. జవాబు తప్పు చెప్పిన పిల్లల్ని పురుషోత్తం సారు కొట్టేవాడు, కానీ కోపంతో కాదు. అలవాటుగా, బల్ల మీద దుమ్ము దులిపినట్టు. ఆయనకు నిజంగా కోపం వచ్చేది ఎవరైనా ‘ఎందుకు’ అని అడిగినప్పుడు. ఆ మాట వినగానే నన్ను పట్టుకున్న చెయ్యి చెమర్చేది. ఆయన గుండె కొట్టుకోవడం ఆ వేళ్లలోంచి నాకు తెలిసేది. మిగతా అందరికీ అది కోపంలా కనిపించేది. అది భయమని నాకొక్కదానికే తెలుసు.

నాగవేణి ఎనిమిదో తరగతికి వచ్చింది. సన్నగా, నల్లగా, రెండు జడలకు ఎర్ర రిబ్బన్లతో ఉండేది. ఆదివారాలు తండ్రితో క్వారీకి పోయి కంకర కొట్టేది. బండను చూసి ఇది ఎన్ని జానలో, ఎన్ని ముక్కలవుతుందో కంటితోనే చెప్పేసేది. మూడో బెంచీలో కుడిపక్క గోడవైపు చివర ఆమె చోటు.

ఆరోజు పూర్ణసంఖ్యల పాఠం. పురుషోత్తం సారు నన్ను ఆనించి బోర్డు మీద ఒక గీత గీసి, దాని కింద రాశాడు. "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. నాగవేణి రాయలేదు. లేచి నిలబడింది.

"సార్, ఎట్లయితది సార్?"

"ఏంది ఎట్లయితది?"

"మైనస్ అంటే తక్కువ గద సార్. తక్కువను తక్కువతోని గుణిస్తే ఇంకింత తక్కువ కావాలె. ఎక్కువ ఎట్లయితది?"

ఆయన అరచెయ్యి తడిసింది. "రూలది. రూలుకు ఎట్ల ఏంది? కూసో."

ఆమె కూర్చోలేదు. పొగరుతో కాదు, ఆ అమ్మాయి మనసు ఇంకా ఆ లెక్క దగ్గరే ఉంది. "ఆ రూలు ఎవరు పెట్టిండ్రు సార్?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది వీపు మీద. మూడో దెబ్బకు ఆమె తప్పించుకోబోయి తల తిప్పింది. నేను వెడల్పు పక్కన, నా బలమంతా, ఆయన బలమంతా కలిసి ఆమె ఎడమ చెవి మీద పడ్డాను. ఇత్తడి కొన చెవితమ్మెను చీల్చింది.

ఆమె అరవలేదు. చెవి మీద చెయ్యి పెట్టుకొని నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది; లోపల ఏదో మూసుకుపోయిందేమో అని చూసుకుంటున్నట్టు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతి దాకా కారింది. అక్కడి నుంచి నోటుపుస్తకం మీద పడింది. పురుషోత్తం సారు బోర్డు వైపు తిరిగాడు. ‘ప్లస్’ అన్న మాట కింద గట్టిగా రెండు గీతలు గీశాడు. సుద్దముక్క విరిగింది. పిల్లలందరూ తమ పుస్తకాల్లో కూడా రెండు గీతలు గీసుకున్నారు.

మర్నాడు పొద్దున ప్రార్థన అవుతుండగా రాజలింగం వచ్చాడు. భుజాన బండలు పగలగొట్టే సమ్మెట. నేను అప్పుడు ఆఫీసు గదిలో బల్ల మీద ఉన్నాను. లోపలికి వస్తూనే సమ్మెట ఎత్తి బల్ల నడుమ వేశాడు. చెక్క రెండుగా చీలి నేను నేలమీద పడ్డాను. రెండో దెబ్బ ఇనుప బీరువాకు. తలుపు లోపలికి సొట్టపడి తాళం ఎగిరిపోయింది. మూడేళ్లుగా ఎవరూ ముట్టని పెట్టె బోర్లా పడింది. గాజు గొట్టాలు, కటకాలు ముక్కలై గదంతా పరుచుకున్నాయి. హెడ్మాస్టరు గోడవారకు జరిగి, అలాగే తలుపు దాకా జరిగి, బయటపడ్డాడు. మిగతా మాస్టర్లు ఎటు పోయారో తెలియదు. పిల్లలు మాత్రం పోలేదు. కిటికీ చువ్వలన్నిటికీ వాళ్ల ముఖాలే.

పురుషోత్తం సారు ఉన్నచోటే నిలబడిపోయాడు. రాజలింగం సమ్మెటను కింద పడేశాడు. వంగి నన్ను తీశాడు. నా ఇత్తడి కొన మీద ఎండిన నెత్తురు ఇంకా ఉంది. దాన్ని బొటనవేలితో ఒకసారి తడిమి చూశాడు.

"చెయ్యి చాపు" అన్నాడు.

ఆశ్చర్యం ఏమిటంటే ఆయన చాపాడు. పిల్లలు చాపినట్టే, అరచెయ్యి కొంచెం గుంతగా చేసి, ముఖం పక్కకు తిప్పుకొని. రాళ్లు కొట్టే చేతి దెబ్బ ఎలా ఉంటుందో నాకూ అప్పుడే తెలిసింది. అరచేతి చర్మం పగిలింది.

"నా బిడ్డ నిన్నేమడిగింది?"

"రాజలింగం, జర ఆగు, నా మాటిను..."

వీపు మీద పడ్డాను. చొక్కా చిరిగింది.

"ఏమడిగింది?"

"మైనస్... మైనస్ ఇంటూ మైనస్..."

"నీకు వస్తదా అది? ఎట్లయితదో చెప్పు. చెప్తె ఇడిచిపెడత."

పురుషోత్తం సారు నోరు తెరిచాడు. మాట రాలేదు. ఈసారి నేను మెడకూ భుజానికీ మధ్య పడ్డాను. లోపల ఎముక టప్పున విరిగిన చప్పుడు కిటికీ దాకా వినిపించింది. ఆయన గాజుపెంకుల మీద మోకాళ్ల మీద కూలాడు. ప్యాంటు ఎర్రబడింది.

"తెల్వదు" అన్నాడు నెమ్మదిగా.

"గట్టిగ చెప్పు. పిల్లలు ఇంటున్నరు."

"నాకు తెల్వదు! నాకు ఎవ్వలు చెప్పలేదు! రూలని చెప్పి కొట్టిండ్రు, నేను గదే చెప్పిన!"

కిటికీ దగ్గర ఒక్క ముఖమూ కదల్లేదు. ఆ బడి గోడలు కట్టిన నాటి నుంచి ఒక మాస్టారి నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. పైకెత్తిన రాజలింగం చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"తెల్వదా?" అన్నాడు. "తెల్వకనే కొట్టినవా?"

రాజలింగం గాజుముక్కల మీదే చతికిలబడ్డాడు. "నేనే గద జెప్పిన, కొట్టుమని. ఈడికే వచ్చి జెప్పిన" అంటూ నన్ను రెండు చేతులా పట్టుకొని తన నుదురు మీద తనే కొట్టుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి కొట్టుకోకుండా నన్ను పట్టుకున్నది పురుషోత్తం సారు. విరగని చేత్తో.

పోలీసులు వచ్చారు. ఆసుపత్రిలో డాక్టరు అడిగితే పురుషోత్తం సారు మెట్ల మీది నుంచి పడ్డానన్నాడు. రాజలింగం మీద ఫిర్యాదు ఇవ్వనని తెగేసి చెప్పాడు. నాగవేణి సంగతి మాత్రం దాచడానికి వీల్లేదు. కర్ణభేరి చిరిగి, లోపలి సన్న ఎముకలు కదిలిపోయాయని, ఆ చెవికి ఇక వినికిడి రాదని డాక్టరు రాసిచ్చాడు. సారును సస్పెండు చేశారు. గడువు తీరాక కూడా నేరుగా బడికి పోనివ్వలేదు. ముందు పది రోజుల శిక్షణకు వెళ్లమన్నారు. రాష్ట్రమంతటా లెక్కల, సైన్సు మాస్టర్లకు కొత్తగా మొదలుపెట్టిన శిక్షణ అది. వచ్చేవాళ్లు తమ బడికి వచ్చిన పెట్టెలోంచి తాము వాడిన వస్తువును ఒకటి తెచ్చుకోవాలని కబురు. ఆయన నన్ను గుడ్డలో చుట్టి తీసుకుపోయాడు.

జిల్లా కేంద్రంలో పొడవాటి హాలు. నలభై మంది మాస్టర్లు, పంతులమ్మలు. నేర్పడానికి వచ్చినావిడ పేరు నుస్రత్. చిన్న మనిషి, గొంతు మాత్రం చివరి బెంచీ దాకా వస్తుంది. తెచ్చిన వస్తువులు చూపించమంది. ముప్పై మందికి పైగా ఒట్టి చేతులు చూపించారు. వాళ్ల పెట్టెలకు ఇంకా సీలే తియ్యలేదు. పురుషోత్తం సారు నన్ను బల్ల మీద పెట్టాడు. గీతల్లో నలుపు, కొన మీద మరక.

"బాగా వాడారే! దేనికి వాడారు సార్?" అంది నుస్రత్ మేడం.

"కొట్టనీకి" అన్నాడు.

కొందరు నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయారు. ఆవిడ నన్ను చేతిలోకి తీసుకొని మరకను చూసింది. బోర్డు దగ్గరికి పోయి, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో చెప్పగలవాళ్లు చెయ్యెత్తమంది. నలభై మందిలో ఒక్క చెయ్యీ లేవలేదు.

"సిగ్గుపడకండి. నేను పదకొండేళ్లు ఈ రూలు చెప్పాను. ఎందుకో అప్పుడు నాకూ తెలియదు. ఎవరన్నా అడిగితే బెంచీ ఎక్కించేదాన్ని. మన దగ్గర లేనిది పిల్లలు అడిగితే మనకు చెయ్యి లేస్తుంది సార్" అంది.

తర్వాత బోర్డు మీద వరుసగా రాసింది. మూడు ఇంటూ మైనస్ రెండు, మైనస్ ఆరు. రెండు ఇంటూ మైనస్ రెండు, మైనస్ నాలుగు. ఒకటి ఇంటూ మైనస్ రెండు, మైనస్ రెండు. సున్నా ఇంటూ మైనస్ రెండు, సున్నా. "పైనుంచి కిందికి జవాబులు ఏమవుతున్నాయి?"

"రెండు రెండు పెరుగుతున్నయి" అన్నారెవరో.

"మరి సున్నా తర్వాత మైనస్ ఒకటి ఇంటూ మైనస్ రెండు?"

పురుషోత్తం సారు లేచి నిలబడ్డాడు. "ప్లస్ రెండు" అన్నాడు. "పెరుగుకుంటనే వస్తది గద... ప్లస్ రెండు. ప్లస్ నాలుగు. ప్లస్ ఆరు." అక్కడితో ఆగి, బయటికి నడిచి, కుళాయి కింద తల పెట్టాడు. నాలుగు వరుసల లెక్క. ముప్పై ఏళ్లుగా ఆయన దగ్గర లేనిది, ఒక పిల్ల చెవి తీసినది, నాలుగు వరుసల లెక్క.

శిక్షణ ముగిసిన మర్నాడే ఆయన క్వారీకి వెళ్లాడు, నన్ను తీసుకొనే. నాగవేణి బడి మానేసి రెండు నెలలైంది. గుంత ఒడ్డున కూర్చొని సుత్తితో కంకర కొడుతోంది. తలకు తువ్వాలు చుట్టుకుంది, ఎడమవైపు చెవి కనబడకుండా. సారును, నన్ను చూడగానే సుత్తి కింద పడేసి రెండడుగులు వెనక్కి వేసింది. కింద గుంతలోంచి రాజలింగం సమ్మెటతో పైకి వచ్చాడు.

"ఎందుకొచ్చినవ్?"

"జవాబు తెచ్చిన" అన్నాడు సారు. "అది అడిగింది గద."

నన్ను నేలమీద పడుకోబెట్టి, చేతులు వెనక్కి కట్టుకొని, నాగవేణితో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె నుదురు ముడుచుకొని చూసింది.

"ఈ పక్కకు రాండ్రి సార్. ఆ చెవు పనిచెయ్యది."

పురుషోత్తం సారు ఆమె కుడిపక్కకు నడిచి, దుమ్ములో వేలితో ఆ నాలుగు వరుసలూ రాశాడు. ఆమె చదివింది. తల ఊపింది. కానీ ఒప్పుకోలేదు.

"ఇది బోర్డు మీద లెక్క సార్. నిజంగ ఏడన్న అయితదా?"

ఈసారి సారు చెయ్యి లేవలేదు. "తెల్వదు బిడ్డా, సోంచాయించాలె" అన్నాడు. ఆయన ఆలోచిస్తుండగా ఆమె గుంతలోకి చూసింది. రాత్రి వానకు గుంతలో ఒక పక్క నీళ్లు నిలిచాయి. పొద్దున్నించి మోటరు నీళ్లు తోడుతోంది. ఉన్నట్టుండి వంగి నన్ను తీసుకొని గుంతలోకి దిగింది. నీళ్లకూ రాతి మీది పగులుకూ మధ్య నన్ను నిలబెట్టి కొలిచింది. కంకర కొడుతూ ఒక గంట ఆగి మళ్లీ కొలిచింది. ఇరవై సెంటీమీటర్లు దిగాయి. నా జన్మలో నన్ను అడిగిన మొదటి కొలత అది.

"గంటకు మైనస్ ఇరవై" అంది కింది నుంచి అరుస్తూ. "ఇంక మూడు గంటలైతే మైనస్ అరవై. గని మూడు గంటల కింద? కింద అంటే గంటలు గూడ మైనస్. మైనస్ మూడు. అప్పుడు నీళ్లు ఏడుండె సార్? పైకి ఉండె! అగో, తడి!"

మోటరు వేసి సరిగ్గా మూడు గంటలైంది. అది వేసినప్పుడు నీళ్లు ఎక్కడున్నాయో రాతి మీద తడి చార చెబుతోంది. ఆమె నన్ను నీటి మట్టం నుంచి ఆ చార దాకా నిలబెట్టింది. అరవైకి ఒక్క గీత తక్కువ. "ప్లస్ అరవై!" అని గట్టిగా నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఇంతసేపూ సమ్మెట పిడి వదలకుండా నిలబడ్డ రాజలింగం ఆ చారను చూశాడు. సారును చూశాడు.

"గిది నాకు ఎరుకనే గద సార్. పొద్దుగాల నీళ్లు ఏడున్నయో దినాం చూస్తనే ఉంట" అన్నాడు. "గిందుకా నా బిడ్డ చెవు పోయింది?"

దీనికి జవాబు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. పురుషోత్తం సారు తల వంచుకొని నిలబడ్డాడు. చివరికి రాజలింగమే సమ్మెట ఎత్తుకొని గుంతలోకి దిగిపోయాడు. పొమ్మని అనలేదు, ఉండమనీ అనలేదు. సోమవారం నాడు నాగవేణి బడికి వచ్చింది.

పెట్టెలో మిగిలినవన్నీ బయటికి వచ్చాయి. పగిలినవి ఎలాగూ పగిలాయి కాబట్టి హెడ్మాస్టరుకూ భయం పోయింది. కటకం ముక్కతో ఆరో తరగతి వాళ్లు కాగితం కాల్చారు. సారు పాఠాలు మాత్రం ఒక్కరోజులో మారిపోలేదు. మధ్యలో తడబడేవాడు, చెరిపి మళ్లీ రాసేవాడు. రోజుకు రెండు మూడుసార్లయినా ‘తెల్వదు, చూద్దాం’ అనాల్సి వచ్చేది. అన్నప్పుడల్లా చెవులు ఎర్రబడేవి. నేను బోర్డు పక్కన గోడకు ఆనుకొని ఉండేదాన్ని, గీతలు గీయడానికి. అంతా సర్దుకుందనుకున్నాను.

కార్తీకంలో ఒకరోజు ఆయన బోర్డు మీద భిన్నం తప్పు రాశాడు. వెనక బెంచీలో ఒకడు నవ్వాడు. నేను ఆయన చేతిలోనే ఉన్నాను. చెయ్యి తనంతట తాను లేచింది. చెమటతో, వేగంగా, ఆ మూడేళ్లూ లేచినట్టే లేచింది. తరగతిలో ముప్పై ఎనిమిది తలలు ఒక్కసారిగా బెంచీల కిందికి వంగాయి. నాగవేణి వంగలేదు. రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసి కుడిచెవిని మూసుకుంది. మిగిలిన ఆ ఒక్క చెవిని.

ఆయన చూశాడు. నేను గాలిలో ఎంతసేపున్నానో తెలియదు. తర్వాత నన్ను బల్ల మీద పెట్టి, తలుపు దాటి, పక్క వీధి వడ్రంగి ఇంటికి పోయి రంపం తెచ్చాడు.

"ఇది ఇంత పొడుగున్నన్ని దినాలు నా చెయ్యి ఊకోదు" అన్నాడు తరగతితో. "నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదు. పది ముక్కలు కోస్త. బెంచీకొకటి తీసుకోండ్రి. నాగవేణీ, ఒక కొస పట్టుకుంటవా?"

ఆమె వచ్చి పట్టుకుంది. భుజం దగ్గర విరిగిన ఎముక సరిగా అతకలేదు కాబట్టి ఆయన మెల్లగా కోశాడు. పది మీద మొదటి కోత. నొప్పి లేదని చెప్పను. ఇరవై మీద రంపం ఇరుక్కుంది. ముప్పై దగ్గర నాగవేణి ఆగమంది.

"సార్, రంపం మందమంత పొట్టయి పోతది గద. ముక్కలు పదిపది రావు."

"ఎన్నొస్తయంటవు?"

అన్నీ కోశాక కొలుద్దామంది. తొమ్మిది కోతలయ్యాక పెట్టెలోని చిన్న ఉక్కు స్కేలు తెచ్చి పిల్లలంతా నా చుట్టూ మూగారు. నడిమి ముక్కలు ఎనిమిది. ఒక్కొక్కటి తొంభై ఎనిమిది మిల్లీమీటర్లు. చివరి రెండు మాత్రం తొంభై తొమ్మిది. ఎందుకని వాదన మొదలైంది. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. నవ్విన వెనక బెంచీ వాడే చివరికి తేల్చాడు. చివరి ముక్కలను రంపం ఒక పక్కనే తిన్నది కదా అన్నాడు. పురుషోత్తం సారు బెంచీ మీద కూర్చొని, ఒళ్లో పడ్డ నా పొట్టును దులుపుకోవడం కూడా మరచి, వాళ్లను వింటున్నాడు.

ఇప్పుడు నేను పది చోట్ల ఉన్నాను. ఒక ముక్క ఎవరి సంచిలోనో ఊరు దాటి పోయింది. ఒకటి కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దూర్చారు. మిగతావి పెన్నుల మందం నుంచి కప్పల పొడవు దాకా ఏది పడితే అది కొలుస్తున్నాయి. నాగవేణి ఎడమ చెవికి ఇప్పటికీ ఏమీ వినపడదు. ఇంకో బెంచీలో కూర్చోమని సారు రెండుసార్లు అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. "నా జాగ నేనెందుకు మారాలె సార్? మీరే ఇటు రాండ్రి" అంది. కుడిపక్కన గోడకూ బెంచీకీ మధ్య సందు నా నాలుగు ముక్కలు వరుసగా పేర్చినంత కూడా లేదు. ఆమెకు ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడల్లా పురుషోత్తం సారు పొట్ట లోపలికి లాక్కొని, గోడ సున్నమంతా చొక్కాకు పూసుకుంటూ, ఆ సందులో పక్కకు తిరిగి నడుస్తాడు.